థైరాయిడ్ గోలీకి, కడుపులో బిడ్డ చెవికి లింక్ ఏంటి? (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

రఘునాథపల్లి నుంచి ఇంకో ఎపిసోడ్‌తో మీ ముందుకి వచ్చేశా. వీడియో చూసే టైమ్ లేనివాళ్లు, డేటా అయిపోయినవాళ్లు ఈ టెక్స్ట్ చదువుకోండి. మాట్లాడింది మాట్లాడినట్టే పెడుతున్నా.

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. థైరాయిడ్ గ్రంథి ఎక్కడ ఉంటుంది? మెడ ముందు భాగంలో, సీతాకోకచిలుక ఆకారంలో. మరి చెవి, కన్ను ఎక్కడ ఉన్నయ్? తలలో. మెడలో ఉన్న ఒక చిన్న గ్రంథి సరిగ్గా పని చేయకపోతే పుట్టబోయే బిడ్డకి చెవులు వినపడకుండా పోవచ్చు అంటే నమ్ముతారా? ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని చూసే కణాలు కంట్లో తయారు కావాలన్నా అదే హార్మోన్ కావాలి అంటే?

థైరాయిడ్ అనగానే మనకి గుర్తొచ్చేది ఏంటి? లావైపోవడం, నీరసం, జుట్టు రాలడం, పొద్దున్నే ఒక గోలీ. ప్రతి ఇంట్లో అమ్మకో అక్కకో ఉంటుంది. కానీ ఆ హార్మోన్ అసలు పెద్ద పని మనం పుట్టకముందే చేసేస్తుంది. ఈరోజు కథ అదే. ఇందులో మన శ్రీకాకుళం డాక్టర్ ఒకాయన ఉన్నడు, హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఒక సంస్థ ఉంది, మన వంటింట్లో ఉప్పు డబ్బా కూడా ఉంది. చివరిదాకా ఉండండి, ఎందుకంటే చివర్లో చెప్పేది మీ ఇంట్లో ఎవరికో ఒకరికి పనికొస్తది.

ముందు బేసిక్స్. థైరాయిడ్ గ్రంథి ముఖ్యంగా రెండు హార్మోన్లు తయారు చేస్తుంది. ఒకటి టీ4, ఇంకోటి టీ3. ఈ నంబర్లు ఏంటి అంటే, అందులో ఉన్న అయోడిన్ పరమాణువుల లెక్క. నాలుగు ఉంటే టీ4, మూడు ఉంటే టీ3. గ్రంథి ఎక్కువగా పంపేది టీ4నే. కానీ కణం లోపల అసలు పని చేసేది టీ3. కోడింగ్ చేసినోళ్లకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే టీ4 ఒక జిప్ ఫైల్. రక్తంలో తిరుగుతూ ఉంటది. ఎక్కడ అవసరమో అక్కడ కణజాలం దాన్ని అన్‌జిప్ చేసి టీ3 చేసుకుంటది. ఆ అన్‌జిప్ చేసే ఎంజైమ్ పేరు డీఅయోడినేజ్ టైప్ 2. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తది.

టీ3 తయారయ్యాక కణం కేంద్రకంలో ఉన్న రిసెప్టర్‌కి అతుక్కుంటది. ఆ రిసెప్టర్ నేరుగా డీఎన్ఏ మీదే కూర్చొని ఉంటది. టీ3 రాగానే కొన్ని జీన్లు ఆన్ అవుతాయి, కొన్ని ఆఫ్ అవుతాయి. అంటే ఈ హార్మోన్ ఉత్త ఎనర్జీ టానిక్ కాదు. "ఇప్పుడు నెక్స్ట్ స్టేజ్‌కి పోండి" అని కణాలకి చెప్పే సిగ్నల్.

దీనికి ఒక పాత ప్రయోగం ఉంది, నాకు చాలా ఇష్టం. 1912లో గుడర్నాచ్ అనే సైంటిస్ట్ తోకకప్పలకి థైరాయిడ్ గ్రంథి ముక్కల్ని మేతగా పెట్టిండు. వానాకాలం చెరువు గట్టున మనం చిన్నప్పుడు చూసేవాళ్లం కదా, నల్లగా, తోకతో ఈదుతుంటయ్, అవే. అవి టైమ్ కంటే ముందే కప్పలైపోయినయ్. తోక పోయింది, కాళ్లు వచ్చినయ్, సైజు మాత్రం చిన్నగా ఉండిపోయింది. థైరాయిడ్ అందకపోతే రివర్స్: తోకకప్ప తోకకప్పగానే పెరుగుతూ పోతది, కప్ప కాదు. అంటే ఈ హార్మోన్ శరీరాన్ని ఒక దశ నుంచి ఇంకో దశకి మారుస్తది. మన చెవి, మన కన్ను విషయంలో కూడా జరిగేది దాదాపు ఇట్లాంటిదే.

సాఫ్ట్‌వేర్‌లో బిల్డ్ టైమ్, రన్ టైమ్ అని రెండుంటయ్. పెద్దవాళ్లలో థైరాయిడ్ తగ్గితే అది రన్ టైమ్ ప్రాబ్లమ్. నీరసం వస్తది, గోలీ వేసుకుంటే సర్దుకుంటది. కడుపులో ఉన్న బిడ్డకి, అప్పుడే పుట్టిన బిడ్డకి తగ్గితే అది బిల్డ్ టైమ్ ప్రాబ్లమ్. అవయవం కట్టే టైమ్‌లోనే మెటీరియల్ అందలేదు. తర్వాత ఎన్ని ప్యాచ్‌లు వేసినా పూర్తిగా సరికాదు. ఈ ఒక్క తేడా అర్థమైతే ఈ ఎపిసోడ్ సగం అర్థమైనట్టే.

ఇప్పుడు కథలోకి పోదాం. 1900ల మొదట్లో గిల్గిత్, చిత్రాల్ లోయల్లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే ఐరిష్ డాక్టర్ బ్రిటిష్ ప్రభుత్వం తరఫున పని చేసేవాడు. అక్కడి ఊళ్లల్లో చాలా మందికి మెడ ముందు గడ్డలాగా వాపు. దాన్నే గాయిటర్ అంటాం. దానితో పాటు ఇంకోటి గమనించిండు. కొన్ని కుటుంబాల్లో పిల్లలు పుట్టుకతోనే వినపడకుండా, మాట రాకుండా, ఎదుగుదల లేకుండా ఉన్నరు. 1908లో వీటి గురించి రాసి, ఆ పిల్లల్లో రెండు రకాలున్నయ్ అని విడగొట్టిండు. ఒక రకంలో నరాల సమస్యలు, చెవిటితనం ఎక్కువ. ఇంకో రకంలో థైరాయిడ్ పనే ఆగిపోయినట్టు శరీరం ఉబ్బి, పొట్టిగా ఉండిపోవడం ఎక్కువ. కారణం మాత్రం నీళ్లల్లో ఉన్న మురికి, క్రిములు అనుకున్నడు. అసలు మూలం అయోడిన్ లేకపోవడం అని తర్వాత తేలింది. కొండ ప్రాంతాల్లో మంచు, వాన కలిసి నేలలో ఉన్న అయోడిన్‌ని కడిగేస్తయ్. నేలలో లేకపోతే పంటలో ఉండదు, పంటలో లేకపోతే మనిషిలో ఉండదు.

ఈ మెక్‌కారిసనే 1918లో తమిళనాడు కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకి ఒక చిన్న ల్యాబ్ పెట్టిండు. అది పెరిగి పెరిగి, 1958లో హైదరాబాద్‌కి మారింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అదే మన తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్! ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ పోయేటప్పుడు బస్సులోంచి బోర్డు చూసే ఉంటారు. గిల్గిత్ లోయలో గాయిటర్ చూసిన మనిషి పెట్టిన ల్యాబే అది.

ఆ కూనూరు ల్యాబ్‌లోనే తర్వాత ఒక తెలుగు డాక్టర్ పాథాలజిస్ట్‌గా పని చేసిండు. పేరు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిండు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఎండీ. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రొఫెసర్, 1969 నుంచి 1979 దాకా అదే ఎయిమ్స్‌కి డైరెక్టర్, ఆ తర్వాత 1986 దాకా ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్. లండన్ రాయల్ సొసైటీ ఫెలో కూడా. మన స్కూల్ పుస్తకాల్లో ఈయన గురించి నేనైతే ఒక్క పేరా కూడా చదవలేదు. మీరు చదివారా?

ఈయన టీమ్ చేసిన పని చూస్తే, సాఫ్ట్‌వేర్‌లో మనం గొప్పగా చెప్పుకునే ఏ/బీ టెస్ట్ ఇదే కదా అనిపిస్తది. 1956లో కాంగ్రా లోయ. ఇప్పుడు హిమాచల్‌లో ఉంది, అప్పుడు పంజాబ్. సుమారు లక్ష మంది జనాభా. లోయని మూడు జోన్లు చేసిన్రు: ఏ, బీ, సీ. రెండు జోన్లకి అయోడిన్ కలిపిన ఉప్పు, బీ జోన్‌కి మామూలు ఉప్పు. మొదలుపెట్టినప్పుడు నూటికి 38 మంది దాకా గాయిటర్ ఉంది. ఆరేళ్ల తర్వాత మళ్లీ లెక్క తీస్తే, అయోడిన్ ఉప్పు తిన్న రెండు జోన్లల్లో అది సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న జోన్‌లో తగ్గలేదు. రిజల్ట్ క్లియర్‌గా తెలిసినంక బీ జోన్‌కి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చిన్రు. అక్కడా తగ్గింది.

మందు లేదు, ఇంజెక్షన్ లేదు, ఆపరేషన్ లేదు. ఉప్పు! ప్రతి ఇంట్లో, ప్రతి పూటా, ఉన్నోడైనా లేనోడైనా తినేది ఉప్పు కాబట్టి దాన్నే ఎంచుకున్నరు. 1962లో దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరు మార్చిన్రు, అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమం అని. పేరెందుకు మార్చిన్రు? ఎందుకంటే అప్పటికి అర్థమైంది: మెడ మీద కనిపించే వాపు చిన్న సమస్య. కనిపించని పెద్ద సమస్య పిల్లల మెదడులో, చెవిలో ఉంది. 1980లలో ఎయిమ్స్ డాక్టర్లు ఉత్తరప్రదేశ్ తెరాయి జిల్లాల్లో పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తం పరీక్షిస్తే, ఢిల్లీతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ మంది పిల్లలు థైరాయిడ్ తక్కువతో పుడుతున్నట్టు తేలింది. అవి కొండలు కూడా కాదు, మైదానాలు. ఆ తర్వాత దేశమంతా సర్వేలు చేస్తే, ఏ రాష్ట్రం కూడా ఈ సమస్యకి పూర్తిగా బయట లేదని తేలింది.

సరే, అయోడిన్ లేకపోతే చెవి పోతదని తెలిసింది. కానీ ఎట్లా? మెడలో హార్మోన్‌కి చెవిలో ఏం పని? ఇక్కడి నుంచి ల్యాబ్ కథ.

1967లో శామ్యూల్ రెఫెటాఫ్ అనే డాక్టర్, ఆయన సహచరులు ఒక కుటుంబం గురించి రాసిన్రు. పిల్లలకి పుట్టుకతోనే వినపడదు, మాట లేదు. థైరాయిడ్ గ్రంథి పెద్దగా ఉంది. కానీ విచిత్రం ఏంటంటే రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తక్కువ లేదు, ఎక్కువ ఉంది! హార్మోన్ ఉంది, శరీరం మాత్రం దాన్ని పట్టించుకోవట్లేదు. ఫోన్ మోగుతనే ఉంది, ఎత్తేటోడు లేడు అన్నట్టు. 1992లో తెలిసింది, ఆ పిల్లల్లో థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ బీటా అనే జీన్ రెండు కాపీలూ లేవు అని. అంటే సిగ్నల్ అందుకునే వ్యవస్థే లేదు.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌కి మెయిన్ సైంటిస్ట్ వస్తున్నడు: డగ్లస్ ఫారెస్ట్. తర్వాత్తర్వాత అమెరికాలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థలో ల్యాబ్ నడిపిండు. 1996లో ఈయన టీమ్ అదే బీటా రిసెప్టర్ జీన్‌ని ఎలుకల్లో తీసేసి చూసింది. ఎలుకలు బతికినయ్, తిరిగినయ్, తిన్నయ్. కానీ వాటికి వినపడలేదు. కుటుంబంలో చూసింది, ల్యాబ్‌లో తేలింది ఒకటే అయ్యింది.

చెవి లోపల కాక్లియా అని ఉంటది. పొలంలో కనిపించే నత్తగుల్ల లాగా చుట్టలు చుట్టుకొని ఉంటది. అందులో సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలు వరసగా ఉంటయ్. వాటి పైన జెల్లీ లాంటి ఒక పొర పరిచి ఉంటది. శబ్దం వస్తే పొర కదులుతది, వెంట్రుకలు వంగుతయ్, నరంలోకి సిగ్నల్ పోతది. ఇదంతా పని చేయాలంటే పొర కరెక్ట్ మందంలో, కరెక్ట్ ప్లేస్‌లో ఉండాలి. దాని పక్కన కొంత ఖాళీ కూడా ఉండాలి.

కానీ చెవి తయారయ్యేటప్పుడు ఆ ఖాళీ ఉండదు. అక్కడ నిండా పొడుగాటి కణాలు ఉంటయ్. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ వేయడానికి కింద సెంట్రింగ్ పెడతరు కదా, అట్లా అనుకోండి. స్లాబ్ గట్టిపడ్డాక సెంట్రింగ్ తీసేయాలి, లేకపోతే ఆ గదిలో అడుగు పెట్టలేం. చెవిలో ఆ సెంట్రింగ్ టైమ్‌కి తీసేయించే సిగ్నల్ థైరాయిడ్ హార్మోన్. హార్మోన్ తక్కువైన ఎలుకల్లో చూస్తే ఆ కణాలు అట్లనే నిలబడి ఉన్నయ్, ఖాళీ తెరుచుకోలేదు, పైన పొర మందంగా, వంకరగా తయారైంది. చెవి ఉంది. చూడడానికి బయట బానే ఉంది. వినపడదు.

ఇంకా గమ్మత్తు చూడండి. ఎలుక పిల్ల పుట్టినప్పుడు దానికి వినపడదు. రెండు వారాలకి దగ్గర్లో వినడం మొదలవుతది. దానికి కొన్ని రోజుల ముందు, అంటే సుమారు ఏడో రోజు దగ్గర, కాక్లియాలో డీఅయోడినేజ్ టైప్ 2 ఒక్కసారిగా పెరుగుతది. గుర్తుందా, అన్‌జిప్ చేసే ఎంజైమ్? చెవి తనకి కావాల్సిన టీ3ని తనే, తన దగ్గరే, తన టైమ్‌కి తయారు చేసుకుంటుంది అన్నమాట. 2004లో ఫారెస్ట్, లిలీ ఇంగ్, వాళ్ల టీమ్ ఈ ఎంజైమ్ లేని ఎలుకల్ని చూసిన్రు. రక్తంలో టీ3 దాదాపు నార్మల్. కానీ చెవి దెబ్బతింది. రక్తంలో ఉన్నంత మాత్రాన సరిపోలేదు, చెవి లోపల, ఆ రోజుల్లో ఉండాలి.

మరి ఎక్కువైతే మంచిదా? కాదు. చెవిలో ఇంకో ఎంజైమ్ ఉంది, టైప్ 3. ఇది టీ3ని పని చేయకుండా చేసేస్తది. గేట్‌మ్యాన్ లాగా, టైమ్ రాకముందు సిగ్నల్ లోపలికి రానివ్వదు. 2009లో ఈ గేట్‌మ్యాన్ లేని ఎలుకల్ని చూస్తే, చెవి తొందరపడి ముందే తయారైపోయింది. ఆ ఎలుకలకి కూడా వినికిడి పోయింది! లేటైనా కష్టమే, ముందైనా కష్టమే. మనూళ్లో నాటు వేసేటోళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. నారు ముదిరినా పనికిరాదు, లేతగా పీకినా పనికిరాదు.

ఇక కన్ను. మన కంట్లో రంగులు చూసే కోన్ కణాలు మూడు రకాలు: నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ఎలుకకి రెండే రకాలు. 2001లో ఇదే ఫారెస్ట్ టీమ్, బీటా రిసెప్టర్‌లో కంటికి సంబంధించిన ఒక రకాన్ని, బీటా-2ని, తీసేసి చూసింది. ఆకుపచ్చ కోన్లు మాయం. అన్నీ నీలం వైపువే అయిపోయినయ్. అంటే కోన్ కణానికి డీఫాల్ట్ సెట్టింగ్ నీలం. థైరాయిడ్ సిగ్నల్ వస్తేనే వేరే రంగుకి మారుతది.

"ఎలుకల సంగతి సరే, మనుషుల సంగతేంటి?" అంటారా. 2018లో అమెరికా జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో రాబర్ట్ జాన్‌స్టన్ ల్యాబ్‌లో, కియారా ఎల్‌డ్రెడ్ అనే పీహెచ్‌డీ స్టూడెంట్ మనిషి మూలకణాల నుంచి గిన్నెలో చిన్న చిన్న రెటీనాలు పెంచింది. నెలల తరబడి, కడుపులో బిడ్డ కన్ను పెరిగినంత టైమ్ పట్టింది. ముందు నీలం కోన్లు వచ్చినయ్, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ. రిసెప్టర్ తీసేస్తే దాదాపు అన్నీ నీలమే. టీ3 ముందే ఎక్కువిస్తే దాదాపు అన్నీ ఎరుపు-ఆకుపచ్చ రకమే. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా విప్పి, రంగు చూసి రేటు చెప్తడు కదా సేటు. ఆ ఎరుపుని గుర్తుపట్టే కణం తయారవ్వడానికి కూడా ఒకప్పుడు, కడుపులో ఉన్నప్పుడు, ఈ హార్మోన్ కావాల్సి వచ్చింది.

సరే బ్రో, ఇదంతా మాకెందుకు అంటారా? చెప్తా.

కడుపులో బిడ్డకి సొంత థైరాయిడ్ గ్రంథి మూడో నెల చివర్లో మెల్లగా మొదలవుతది. గట్టిగా పని చేసేసరికి నాలుగున్నర, ఐదు నెలలు. అప్పటిదాకా బిడ్డకి హార్మోన్ ఎక్కడిది? అమ్మది. పూర్తిగా అమ్మది. ఆ తర్వాత కూడా అయోడిన్ రావాల్సింది అమ్మ తినే తిండి నుంచే. అందుకే గర్భిణులకి అయోడిన్ ఎక్కువ కావాలి: మామూలు మనిషికి రోజుకి 150 మైక్రోగ్రాములైతే, గర్భిణికి 250 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది.

ఈ మధ్య మా వాడకట్టులో అక్క వరసయ్యే ఒకామె అడిగింది. "తమ్మీ, నువ్వు గివన్నీ చదువుతవ్ గదా. నాకు మూడో నెల. థైరాయిడ్ ఉన్నదని గోలీ రాసిన్రు. కడుపుతోని ఉన్నప్పుడు ఇంగ్లిష్ గోలీలు మింగితే బిడ్డ ఖరాబైతదని మా అత్త అంటున్నది. బంద్ పెట్టాల్నా?" అని. మీ ఊళ్లో కూడా ఈ మాట విని ఉంటారు. వాళ్ల అత్తది చెడ్డ మనసు కాదు, మనవడి మీద ప్రేమతోనే అంటున్నది. నేను చెప్పింది ఒకటే: "అక్కా, ఆ గోలీలో ఉన్నది వేరే మందు కాదు. నీ మెడలో గ్రంథి చేయాల్సిన టీ4నే గోలీలో పెట్టిన్రు. నీకు తక్కువుంది, అందుకే బయట నుంచి ఇస్తున్నరు. బిడ్డ ఇప్పుడు నీ దాంట్లో నుంచే తీసుకుంటున్నది. డాక్టర్‌ని అడగకుండా ఒక్క రోజు కూడా ఆపకు." అత్తకి కూడా కూర్చోబెట్టి ఇదే చెప్పినం. "గట్లనా, మరి గా ముక్క దవాఖానల చెప్పొద్దా" అన్నది. ఆమె అడిగింది న్యాయమే.

ఇక్కడ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. థైరాయిడ్ ఉన్న తల్లులకి పుట్టిన పిల్లలందరికీ చెవి పోతదని కాదు. మందు సరిగ్గా వాడుతూ టెస్టులు చేయించుకునే తల్లులకి పిల్లలు చక్కగా పుడుతున్నరు. గిల్గిత్‌లో జరిగింది తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ అయోడిన్ లేక. మన చేతిలో ఉన్నది మనం చేస్తే చాలు. ఏం చేయాలి? ఐదు ముక్కలు.

ఒకటి. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నరని తెలియగానే, మూడు నెలలు ఆగకుండా డాక్టర్‌ని కలిసి టీఎస్‌హెచ్ టెస్ట్ గురించి అడగాలి. ముందే థైరాయిడ్ ఉంటే ఇంకా తొందరగా, ఎందుకంటే గర్భంలో డోసు పెంచాల్సి రావచ్చు. ఎంత అనేది డాక్టరే చెప్పాలి. గేట్‌మ్యాన్ కథ విన్నరు కదా, ఎక్కువైనా మంచిది కాదు. పీహెచ్‌సీలో, ప్రభుత్వ దవాఖానలో రక్త పరీక్షలు ఉచితం. ఆశా అక్కని అడగండి, ఆమెకి అన్నీ తెలుసు.

రెండు. ఈ గోలీ పరగడుపున, నీళ్లతో. అరగంట నుంచి గంట తర్వాతే చాయ్. ఇంకోటి, ఇది చాలా మందికి తెలియదు: గర్భిణులకి ఐరన్, కాల్షియం గోలీలు ఇస్తరు. వాటిని థైరాయిడ్ గోలీతో కలిపి వేసుకుంటే థైరాయిడ్ గోలీ ఒంట్లోకి సరిగ్గా ఎక్కదు. కనీసం నాలుగు గంటల గ్యాప్ ఉండాలి. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టి ఇవ్వండి. మీ అక్కకి మీరు చేయగలిగే అతి పెద్ద టెక్ సపోర్ట్ ఇదే.

మూడు. బిడ్డ పుట్టగానే థైరాయిడ్ పరీక్ష. మడమ దగ్గర చిన్నగా గుచ్చి రెండు చుక్కల రక్తం తీసుకుంటరు. మన దేశంలో సుమారు వెయ్యి మందికి ఒక బిడ్డ థైరాయిడ్ లోపంతో పుడుతున్నట్టు ఐసీఎంఆర్ అధ్యయనం చెప్తుంది. పుట్టినప్పుడు ఈ పిల్లలు మామూలుగానే కనిపిస్తరు, ఏడుస్తరు, పాలు తాగుతరు. అందుకే చూసి కనిపెట్టలేం. మొదటి రెండు వారాల్లోపు మందు మొదలైతే మెదడు ఎదుగుదల కాపాడుకోవచ్చు. నెలలు గడిచాక తెలిస్తే, పోయింది పూర్తిగా తిరిగి రాదు. బిల్డ్ టైమ్ అయిపోతుంది.

నాలుగు. వినికిడి పరీక్ష. చప్పుడు చేస్తే బిడ్డ ఉలిక్కిపడట్లేదు, పిలిస్తే తిరగట్లేదు అనిపిస్తే "మా వంశంలో మాటలు లేటే" అని కూర్చోవద్దు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే చెవిటితనానికి పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తున్నరు. అంగన్‌వాడీ టీచర్‌కి చెప్తే ఆ టీమ్ ఎప్పుడొస్తదో చెప్తరు.

ఐదు, చివరిది: ఉప్పు. ఈ మధ్య రీల్స్‌లో చూస్తున్న, పింక్ సాల్ట్ తినండి, ప్యాకెట్ ఉప్పు విషం అని. సైంధవ లవణంలో, ఇంట్లో వాడే దొడ్డుప్పులో అయోడిన్ కలిపారని ప్యాకెట్ మీద రాసి ఉంటే సరే. రాసి లేకపోతే అందులో మనకి సరిపడా అయోడిన్ ఉండదు. పచ్చడికి ఏ ఉప్పు వాడతారో మీ ఇష్టం, రోజు కూరలో మాత్రం అయోడిన్ ఉప్పే వేయండి. ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి బొమ్మ ఉంటది, చూడండి. డబ్బాకి మూత పెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి, తేమకి, వేడికి అయోడిన్ తగ్గిపోతది.

ఒక చిన్న లెక్క. మన ఇంటికి వచ్చేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలని రూల్. అంటే గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాములు. దాని అర్థం ఉప్పు ఎక్కువ తినమని కాదు, బీపీ వస్తది. తినే కొంచెం ఉప్పు అయోడిన్ ఉన్నది తినమని. రోజుకి 150 మైక్రోగ్రాముల చొప్పున 70 ఏళ్లకి లెక్కేస్తే మొత్తం ఎంత? నాలుగు గ్రాములు కూడా కాదు! జీవితకాలానికి ఒక చెంచా. ఆ చెంచాడు అయోడిన్ లేక ఒకప్పుడు లోయలకి లోయలే మూగబోయినయ్.

రామలింగస్వామి గారు 2001లో చనిపోయారు. ఈరోజు మన ఇంట్లో కూరలో వేసే చిటికెడు ఉప్పు వెనక ఆయన పని ఉంది. పేరు తెలియకుండానే ఆయన ఉప్పు తింటున్నం. పేరు కూడా తెలుసుకుంటే బాగుంటది కదా.

ఈ ఎపిసోడ్‌ని లైక్ కొట్టకపోయినా పర్వాలేదు. కానీ మీ ఇంట్లో, మీ చుట్టాల్లో కడుపుతో ఉన్న అక్క, వదిన, చెల్లె ఎవరుంటే వాళ్లకి రెండో పాయింట్, మూడో పాయింట్ మాత్రం చదివి వినిపించండి. ఫార్వర్డ్ చేసి వదిలేయకుండా, ఫోన్ చేసి మాట్లాడండి. ఇది డాక్టర్ సలహాకి బదులు కాదు, డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఏం అడగాలో తెలియడానికి.

వచ్చే ఎపిసోడ్‌లో ఎన్ఐఎన్ వాళ్లు చేసిన ఇంకో ఉప్పు గురించి మాట్లాడుకుందాం, అయోడిన్‌తో పాటు ఐరన్ కూడా కలిపింది. రెండింటినీ ఒకే ఉప్పులో నిలబెట్టడం ఎంత కష్టమో అప్పుడు చెప్తా. అప్పటిదాకా ఉంటా మరి. నమస్తే!